ఆరో రెక్క

డాక్టరమ్మ జింకు ముక్కకి రంగు వేసింది. వేయకూడదు. ఇందులో రెండో మాట లేదు.

పడవల షెడ్డు మేస్త్రీ నేలమీద వెల్లకిలా పడుకుని ఆ రంగు చూశాడు. స్టాండు మీద నిలబెట్టిన తెరచాప పడవ అది. దాని అడుగునుంచి ఇంజను కాలు ఒకటి కిందికి దిగుతుంది. కాలి చివర పంకా, పంకా పక్కన జింకు దిమ్మ. ఉప్పునీరు ముందు ఆ జింకుని తింటుంది, కాలి జోలికి రాదు. జింకుకి రంగు పూస్తే దాన్ని వదిలేసి కాలిని తింటుంది. ఇది తెలియనివాళ్లు పడవలు కొనకూడదని మేస్త్రీ అభిప్రాయం. తెలిసినవాళ్లు కూడా కొనకపోతే మరీ మంచిది.

"ఎవరి పని ఇది?"

"నాదే. బాగుందా?" అందామె. రెండు వీధుల అవతల పళ్ల ఆస్పత్రి ఆమెది. ముక్కు మీద నీలం రంగు అంటుకుని ఉంది. "మూడు పూతలు వేశాను."

"గీకండి."

"దేన్ని?"

"వేసినదాన్ని. మూడు పూతలూ."

"అంత ముచ్చటపడి వేస్తే..."

"మీ దగ్గరికొచ్చినవాడు పంటికి నెయిల్ పాలిష్ వేసుకొస్తే ఏమంటారు?"

"ఏ షేడని అడుగుతాను."

మేస్త్రీ నవ్వలేదు. భార్య పోయిన ఈ నాలుగేళ్లలో ఎవరి మాటకీ నవ్వలేదు. నట్టుకి తగిన స్పానరు తీసినట్టు, అవసరానికి సరిపడా మాట తీసి, పని కాగానే లోపల పెట్టేసేవాడు.

ఆమె గీకింది. గీకినంతసేపూ ప్రశ్నలే. ఆ తర్వాత నెల రోజులూ ప్రశ్నలే. ఆమె నేర్చుకుంది, అతను వేగాడు.

"ఆయిలు పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే?"

"లోపలికి నీళ్లొచ్చాయని. పడవ ఒడ్డుకెక్కించాలి."

"నల్లగా, చిక్కగా కనిపిస్తే?"

"మార్చి ఎన్నాళ్లయిందో తలుచుకుని సిగ్గుపడాలి."

"తాడు నీళ్లలో వేలాడుతుంటే?"

"ఇంజను ముట్టుకోకూడదు. పంకాకి చుట్టుకుంటుంది."

"మరి గేరు మార్చేముందు..."

"స్పీడు తగ్గించాలి. నిన్న చెప్పాను. మొన్న చెప్పాను."

"గుర్తుంది. మీరు చెప్తుంటే బాగుంటుందని అడిగాను."

మేస్త్రీ చేతిలో స్పానరు కింద పెట్టాడు. ఎందుకు పెట్టాడో తెలియక మళ్లీ తీసుకున్నాడు.

అన్నింటికన్నా పెద్ద రూలు చివర్న చెప్పాడు. ఇంజను చల్లబడాలంటే సముద్రపు నీరు లోపలికి రావాలి. ఆ దారికి ఒక వాల్వు ఉంటుంది. పడవ దిగేటప్పుడు వాల్వు మూయాలి, మూసి, ఇంజను తాళంచెవి ఆ వాల్వు పిడికే తగిలించాలి. మళ్లీ వచ్చినవాళ్లు తాళంచెవి కోసం అక్కడికే చెయ్యి పెట్టాలి కనక, వాల్వు తెరవడం మర్చిపోరు.

"మీ జేబులో ఇంకో తాళంచెవి ఉందిగా?" అందామె.

"అది నాది."

"దానికి రూలు లేదా?"

"రూలు మర్చిపోయేవాళ్లకి."

ఆమె అతని మొహంలోకి తేరిపార చూసింది. "మేస్త్రీగారూ, ఆ ఎడమ పక్క పన్ను విరిగి ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు."

"ఇంజనుకైతే వంద గంటలకోసారి ఆయిలు మార్చమంటారు."

"ఇంజనుకి గంటలు చూపించే మీటరుంది. పంటికి లేదు."

ఆమె పడీపడీ నవ్వింది. తన నోటినుంచి హాస్యం వచ్చినందుకు మేస్త్రీకి ఆ రోజంతా తనమీద తనకే కోపం.

బుధవారం మధ్యాహ్నం అత్తగారు కేరేజీ తెచ్చింది. కూతురు పోయినా ఆవిడ అల్లుణ్ణి వదిలి వెళ్లలేదు.

"డాక్టరమ్మ ఆస్పత్రి వేరేవాళ్లకి అప్పజెప్పిందట. శుక్రవారం ప్రయాణమట. నీకు చెప్పలేదా?"

"నాకెందుకు చెప్పాలి?"

"తీరం వెంబడి నాలుగు నెలలు తిరుగుతుందట. నచ్చిన ఊరు కనిపిస్తే అక్కడే ఆగిపోతుందట."

"మంచిదే."

"మూత తియ్యకుండా ఎలా తింటావు అబ్బాయీ?"

అతను మూత తీశాడు.

గురువారం పొద్దున పడవ నీళ్లలో ఉంది. ఆకాశం మబ్బు పట్టింది. ఆఖరి టెస్టు.

"మీరు స్టార్టు చేయండి, నేను ముందు తాళ్లు చూస్తాను," అందామె.

మేస్త్రీ జేబులో తాళంచెవి తీసి తిప్పాడు. ఇంజను అందుకుంది. స్టార్టయిన వెంటనే వెనక పైపు నీళ్లు ఉమ్ముతోందో లేదో చూడాలి. అతను చూస్తున్నది పైపుని కాదు. ముందువైపు కూర్చుని తాడు చుట్టలు చుడుతున్న ఆమె వీపుని.

ఇంజను వేడెక్కిందని హారను మోగింది. పైపునుంచి పొగ తప్ప చుక్క నీరు లేదు.

ఇంజను ఆపి మూత ఎత్తాడు. వాల్వు మూసే ఉంది. దాని పిడికి ఆమె తాళంచెవి పద్ధతిగా వేలాడుతోంది.

"నా తాళంచెవి ఇక్కడే ఉంది," అంది ఆమె వెనకనుంచి తొంగి చూసి.

"చూశాను."

"వాల్వు మూసి ఉంది."

"చూశానన్నాను."

పద్దెనిమిదేళ్లలో ఈ తప్పుకి అతను ఇద్దరిని షెడ్డునుంచి పంపేశాడు. వాళ్లలో ఒకడు వీధిలో ఎదురైతే ఇప్పటికీ పలకరించడు. ఇవాళ పంపేయడానికి ఎవరూ లేరు.

నీళ్లు తోడే రబ్బరు చక్రం నీళ్లు లేకుండా తిరిగితే నిమిషంలో రెక్కలు తెగుతాయి. ఆరు రెక్కలూ తెగిపోయాయి. కొత్త చక్రం వేయడం పది నిమిషాల పని. కానీ తెగిన ముక్కలు పైపుల్లోకి పోతాయి. ఒక్కటి మిగిలినా దారి మూసుకుని నడిసముద్రంలో ఇంజను ఆగిపోతుంది. ఆరూ దొరికితేనే ఆమె ప్రయాణం.

ఆమె ఆస్పత్రికి వెళ్లి నోట్లో పెట్టే చిన్న అద్దం, సన్నటి పట్టకారు తెచ్చింది. మనిషిన్నర పట్టే చోట ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. పైన వాన మొదలైంది.

"పెద్దగా నోరు తెరవాలమ్మా," అంది పైపుతో. "నొప్పేమీ ఉండదు."

"అది ఇంజను."

"తెలుసు. మీకంటే చెప్పిన మాట వింటుంది." పట్టకారుతో లాగింది. "రెండు."

మధ్యాహ్నానికి అయిదు దొరికాయి. ఆరోది మేస్త్రీ వేలికి తగిలింది, పైపు వంపులో. ఆమె అద్దం అటుపక్క ఉంది. అతను ముక్క తీసి పిడికిట్లో పెట్టుకున్నాడు.

"దొరక్కపోతే?" అందామె అద్దం తిప్పుతూ.

"మొత్తం విప్పాలి. పది రోజులు పడుతుంది."

"పది రోజులు," అంది ఆమె. బాధగా అందో లేదో అతనికి తెలియలేదు.

పిడికిట్లో గోరంత రబ్బరు. ఏ ఇంజను గురించీ, ఎవరితోనూ అతను అబద్ధం ఆడలేదు. వాన ఒకసారి తగ్గి మళ్లీ పెరిగింది. అతను చెయ్యి చాపి పిడికిలి విప్పాడు.

ఆమె ముక్కనీ అతన్నీ చూసింది. "ఎప్పుడు దొరికింది?"

"చాలాసేపయింది."

"మరి?"

"దొరక్కపోతే మీరు వెళ్లరు."

ఆమె అద్దం పక్కన పెట్టింది. "నెల రోజులు రూళ్లంటూ నన్ను కాల్చుకు తిన్న మనిషి వాల్వు తెరవలేదు. ముక్క దాచాడు. నోటితో చెప్తే ఏం పోయేది?"

"చెప్తున్నాను. మీరు వెళ్లడం నాకిష్టం లేదు. వద్దనే హక్కు లేదు. మీరు వెళ్తే షెడ్డులో ప్రశ్నలుండవు. అలా నేను ఉండలేను. అంతే."

"మీతో వేగడం ఎవరి తరమూ కాదు." ఆమె కళ్లు తుడుచుకుంది, మొహమంతా గ్రీజు అయింది. "నేను వెళ్తాను మేస్త్రీగారూ. ఈ పడవ కొన్నదే అందుకు."

"తెలుసు."

"లోపల పడుకోడానికి రెండు బంకులున్నాయి. అదీ తెలుసా?"

అతను ఆరో ముక్కని మిగతా అయిదింటి పక్కన పెట్టాడు. "మా ఆవిడ ఒకసారి రమ్మంది. ఒక్క పూట, సముద్రం మీదికి. పని ఉందన్నాను. ఆ తర్వాత జబ్బు చేసింది. ఇన్ని పడవలు బాగుచేశాను, రేవు దాటి వెళ్లలేదు."

"ఇప్పుడు పని ఉందా?"

"ఉంది. కొత్త చక్రం వేయాలి."

ఆమె అలాగే చూస్తూ కూర్చుంది.

"తర్వాత లేదు," అన్నాడు.

సాయంత్రం ఇంట్లో సంచి ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"రేపు వెళ్తున్నాను. డాక్టరమ్మ పడవలో. నాలుగు నెలలు."

అత్తగారు గుమ్మంలో నిలబడిపోయింది. "నా కూతురే ఉంటే..."

"తెలుసు అత్తయ్యా."

"ఏం తెలుసు నీకు? అది ఉంటే నాలుగు చొక్కాలు సర్దేది. నువ్వు రెండు పెట్టావు." ఆవిడ సంచి తన వైపు లాక్కుంది. ఇంకో రెండు చొక్కాలు మడత నలగకుండా సర్దింది. "నేను నా పెద్దకొడుకు దగ్గర ఉంటాను, నా బెంగ పెట్టుకోకు. పెళ్లి చేసుకుని వెళ్తారా, వచ్చి చేసుకుంటారా?"

"ఆమె అడగలేదు."

"ఆమె అడగాలా? దేవుడా. ఇంతకీ ఆ అమ్మాయితో ఏం చెప్పావు?"

"చెప్పాల్సింది."

"అదే, ఏమిటని."

"ఒకసారి చెప్పాను, ఆమె వింది. ఆ మాట ఇక నా నోట రాదు. మీరడిగినా సరే, ఆమె అడిగినా సరే."