ముందు బ్రేకు

"మీ షూస్ ఏం పనికిరాలా!"

మదనపల్లెలోని ఆ స్పేర్ పార్ట్స్ అంగడి కౌంటర్ మీద బ్రేకు షూస్ ఖాళీ డబ్బా ఠపీమని పడింది. క్లచ్ ప్లేట్లు సర్దుకుంటున్న శివకుమార్ ఉలిక్కిపడి తలెత్తాడు. ఎదురుగా ఒకమ్మాయి. చంకలో హెల్మెట్, వేళ్ళకు గ్రీజు, కళ్ళల్లో నిప్పులు.

"షూస్ మంచివే మేడం. ఏసినోడికి రాలేదేమో."

"ఏసినోడు కాదు. ఏసింది నేనే."

శివకుమార్ నాలుక్కరుచుకున్నాడు.

ఆ అమ్మాయి పేరు నందిని. ఊరు పుంగనూరు. కుప్పం దగ్గర గ్రామ సచివాలయంలో పశువుల అసిస్టెంటుగా ఉద్యోగం వచ్చింది. చేరడానికి ఇంక పదిరోజులే ఉంది. చుట్టూ ఉన్న పల్లెలన్నీ తిరగాలి, బస్సులు లేని పల్లెలు. ఇంట్లో ఉన్నదల్లా వాళ్ళ నాయన మునిస్వామి కొని ఇరవై రెండేళ్ళయిన మోటార్ సైకిల్. ఇంజన్ ఇప్పటికీ గుండ్రాయి. ముందు బ్రేకు మాత్రం ఎంత నొక్కినా ఆలోచించుకుని ఆలోచించుకుని పట్టేది.

"బ్రేకు పట్టితేనే బండి. లేదంటే ఈ ఉద్యోగమే వద్దు" అని మునిస్వామి తేల్చేశాడు.

ముగ్గురు మెకానిక్కులకు చూపించింది. ముగ్గురూ ఒకే మాట అన్నారు. "పాత బండికి ఇంతేనమ్మా." బ్రేకు పట్టకపోవడం కన్నా ఆ మాటే ఆమెకు ఎక్కువ మంట పుట్టించింది. అందుకే పానాలు తనే చేతికి తీసుకుంది.

"బండి యాడుండాది?" అన్నాడు శివకుమార్.

"బయట. మీరే తోలి సూడండి."

అంగడి ముందు రోడ్డు కాస్త పల్లం. శివకుమార్ హుందాగా బండెక్కి, పది గజాలు పోనిచ్చి, ముందు బ్రేకు మాత్రమే నొక్కాడు. లివర్ వచ్చి హ్యాండిల్‌కు తగిలింది. బండి మాత్రం తన దారిన తాను పోయి, ఆటో పక్కన పేర్చిన టమాటా క్రేట్లకు మెత్తగా ముద్దు పెట్టింది. నాలుగు టమాటాలు దొర్లాయి. ఆటో అతను తిట్ల దండకం ఎత్తుకున్నాడు.

నందిని పకపకా నవ్వింది. అంతసేపూ కోపంగా ఉన్న ముఖం అట్లా నవ్వేసరికి శివకుమార్‌కు టమాటాలు ఏరుకోవడం కూడా హాయిగానే అనిపించింది.

"ఆదివారం అంగడి సెలవు. పుంగనూరు వస్తా" అన్నాడు లేచి.

"యాల? ఏం పని?"

"నా షూస్ పరువు పోతాండాది కదా!"

ఆదివారం పొద్దున్నే పానాల సంచితో దిగాడు. మునిస్వామి గడపలో కూర్చుని, నోట్లో వేపపుల్లతో చూస్తున్నాడు.

"మొదట కేబుల్" అన్నాడు శివకుమార్. లివర్ నొక్కి వదిలితే అది బద్ధకంగా వెనక్కి వచ్చింది. కేబుల్ లాగి చూస్తే లోపలి తీగ పోగులు పోగులుగా తెగి ఉంది. కొత్తది వేశారు. లివర్ గట్టిపడింది కానీ బండి నిలిచేది సగమే.

"సగం నాకొద్దు" అంది నందిని.

చక్రం విప్పారు. లోపల షూస్ ఒత్తుకునే డ్రమ్ములో పేరుకున్న దుమ్మును శివకుమార్ ఊదబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఊదొద్దు! అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఏంగావాల?" తడిగుడ్డతో నెమ్మదిగా తుడిచింది. ఆ చెయ్యి తన ముఖానికి జానెడు దూరంలో ఆగిందన్న సంగతి మాత్రం శివకుమార్ చాలాసేపు మర్చిపోలేకపోయాడు.

షూస్ కొత్తవే. మరి ఎందుకు పట్టడం లేదు? నందిని లోపలికి పోయి సుద్దముక్క తెచ్చింది. షూస్ మీద తెల్లగా పూసి, చక్రం బిగించి, బ్రేకు నొక్కుతూ తిప్పి, మళ్ళీ విప్పింది. కొనల్లో మాత్రం సుద్ద చెరిగింది. మిగతాదంతా పూసింది పూసినట్టే ఉంది.

"సూడు! కొనలే తగుల్తాండాయి. షూ మొత్తం డ్రమ్ముకు ఆనడంలేదు."

"అబ్బా... నా బుర్రకు తట్టలేదే ఇది!" అన్నాడు శివకుమార్. ఆ మాటలో ఎకసెక్కం లేదు. నందిని మొదటిసారి అతన్ని సరిగ్గా చూసింది.

గరుకైన ఎమరీ కాగితంతో ఎత్తుగా ఉన్నచోట గీకాలి, సుద్ద పూయాలి, చూడాలి, మళ్ళీ గీకాలి. నాలుగోసారికి వాన మొదలైంది. ఇద్దరూ బండిని రేకుల కిందికి తోశారు. నందిని తువ్వాలు తేవడానికి లోపలికి పోయింది. తిరిగొస్తుంటే నాయన గొంతు వినబడింది.

"నీ చెల్లెలైతే పంపిస్తావా ఇంత దూరం?"

"ఈ బ్రేకుతోనా? పంపను" అన్నాడు శివకుమార్.

తర్వాత మాటలు వాన చప్పుడులో కలిసిపోయాయి. నందినికి చాలు. తువ్వాలు అతని ఒళ్ళో పడేసింది.

"ఇంక నేను సూసుకుంటా. మీరు పొండి."

"ఏమైంది నందినీ?"

"ఏంకాలా."

అతను బిక్కముఖంతో సంచి సర్దుకున్నాడు. మెట్టు దిగుతూ ఆగాడు. "చివర్లో ఇరుసు నట్టు బిగించేటప్పుడు బ్రేకు గట్టిగా పట్టుకోవాల. అప్పుడే షూస్ సరిగ్గా నడిమధ్యలో కూర్చుంటాయి. ఒక్కదానికి కుదరదు. పిలిస్తే వస్తా."

"అవసరంలేదు."

నాలుగు సాయంత్రాలు గీకింది. వేళ్ళు బొబ్బలెక్కాయి. అయిదో రోజుకు సుద్ద షూ అంతటా సమానంగా చెరిగింది. సైకిల్ ట్యూబు ముక్కతో లివర్‌ను హ్యాండిల్‌కు బిగించి కట్టేసి, ఒక్కతే నట్టు బిగించింది.

"నాయనా, ఎనక ఎక్కు" అంది.

ఊరి చివర ఏటవాలు దారిలో నందిని బ్రేకు నొక్కింది. బండి గీత గీసినట్టు నిలిచింది. మునిస్వామి నుదురు ఆమె హెల్మెట్‌కు ఠక్కున తగిలింది. అతను నుదురు రుద్దుకుంటూ దిగి, ముందు చక్రాన్ని కాసేపు చూశాడు.

"ఆ పిల్లోడు అన్న్యది నిజమే."

"ఏమన్న్యాడు? పంపను అన్న్యాడు కదా!"

"సగమే ఇన్నావా? ఈ బ్రేకుతో పంపను, బ్రేకు పట్టిందంటే మాత్రం ఆ పిల్లని ఆపేదానికి మనమెవరం అన్న్యాడు."

మర్నాడు పొద్దున్నే నందిని మదనపల్లె అంగడి ముందు బండి ఆపింది.

"సారీ. సగం ఇని కోప్పడినా."

"బ్రేకు పట్టిందా?" అదే అతని మొదటి మాట.

"పట్టింది. లివర్ కట్టేసి ఒక్కదాన్నే బిగించినా."

శివకుమార్ ముఖం వెలిగి, అంతలోనే కాస్త వాడింది. "అయితే ఇంక నాతో పనిలేదన్నమాట."

"బ్రేకు పని లేదు."

"మరేం పనుండాది?"

"అది కుప్పం వచ్చి అడుగు" అని హెల్మెట్ పెట్టేసుకుంది, బుగ్గల ఎరుపు కనబడకుండా.

శివకుమార్ సొంతూరు కుప్పమే. వాళ్ళమ్మ అమరావతి అక్కడే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన నందిని కూడా ఇప్పుడు వాళ్ళ వీధిలోనే ఉంటోంది. ఇదివరకు నెలకోసారి పోయేవాడు, ఇప్పుడు ప్రతి ఆదివారం పోతున్నాడు. పోయినప్పుడల్లా నందిని బండి ముందు గొంతుక్కూర్చుని, బాగున్న బ్రేకునే తడిమి చూసేవాడు. మూడు ఆదివారాలు ఆమె ఓపిక పట్టింది. నాలుగో ఆదివారం పట్టలేదు.

"ఇంకెన్ని వారాలు దాన్నే సూస్తావు?"

అతను లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "నిన్ను సూసేదానికే వస్తాండా నందినీ. సెప్పేదానికి నోరు రాక దాన్ని సూస్తాండా. మనం పెళ్ళి చేసుకుందామా?"

"చేసుకుందాం. మా నాయన్ని ఎప్పుడు అడుగుతావు?"

"వచ్చే నెల... మా అమ్మను తీసుకోని..."

"మీ అమ్మకు నేను నిన్ననే సెప్పినా. మంచిదన్నిందామె. ఈ పొద్దే పోదాం. ఎక్కు!"

వి.కోట దాటి, పలమనేరు దాటి, మధ్యాహ్నానికి పుంగనూరు చేరారు. నందిని తోలుతోంది, శివకుమార్ వెనక కూర్చున్నాడు. మునిస్వామి గడపలోంచి లేచి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏందప్పా ఇంత దూరం? బ్రేకు మళ్ళా పోయిందా?"

"లేదు మామా, బాగుండాది" అన్నాడు శివకుమార్.

అనేశాక నాలుక్కరుచుకున్నాడు. మొన్నటిదాకా 'సార్' అన్నవాడు! నందిని తల వంచుకుంది గానీ, అతని పక్కనుంచి అంగుళం కూడా జరగలేదు.

మునిస్వామి కూతురి కేసి చూశాడు. ఆమె ఏదైనా పట్టిందంటే వదలదని అతనికి బాగా తెలుసు. మీసాల కింద నవ్వును ఆపుకోవాలని చూశాడు, ఆగలేదు.

"మామా అనేసినాక బయటే నిలబడితే ఎట్లప్పా? రా, కాళ్ళు కడుక్కో. సంగటి తింటా మాట్లాడుకుందాం."