ఇంధనం కోసం దిగిన విమానం

పక్కింటావిడ పిట్టగోడ మీదుగా చెప్పిందట. వాళ్ల తోటికోడలి అల్లుడు ఎక్కిన విమానం దారి మధ్యలో, ఊరూ వాడా లేనిచోట, ఇంధనం కోసం దిగిందట. సిగరెట్ కాల్చుకొస్తానని దిగిన కళ్లద్దాలాయన మళ్లీ ఎక్కనే లేదట. బస్సే నయం, కండక్టరైనా తలలు లెక్కపెడతాడు అని ఆవిడ నవ్విందట. భార్య ఈ ముచ్చటంతా కాఫీ ఇస్తూ చెప్పింది.

డేగ నవ్వలేదు. పక్కింటివాళ్ల లెక్కలో అతను ఇన్సూరెన్స్ గుమాస్తా. డేగ అన్నది గూఢచారి శాఖ పెట్టిన పేరు. ఆ కళ్లద్దాలాయన రాడార్ శాస్త్రవేత్త అని అతనికి తెలుసు.

మర్నాడు చీఫ్ తలుపు మూసి విషయం తేల్చాడు. ఆ దూరానికి పెద్ద విమానం కావాలి. కంపెనీ ఖర్చు మిగుల్చుకోవడానికి చిన్నది తిప్పుతోంది. ఎదురుగాలి గట్టిగా తగిలితే ట్యాంకు చాలదు, మధ్యలో దిగాల్సిందే. విదేశీ ముఠా అలాంటి గాలి రోజులే చూసుకుని, ఆఖరి నిమిషంలో బరువైన సరుకు ఎక్కిస్తోంది. సరుకు పెరిగితే ఇంధనం తగ్గించక తప్పదు. విమానం దిగేచోట వాళ్ల మనుషులు కాచుకుని ఉంటారు.

ఈసారి వాళ్ల కన్ను ఒక క్షిపణి ఇంజినీరు మీద పడింది. లాంచ్ కోడ్ అంతా వాడి తలలోనే ఉంది. ప్రయాణం ఆపితే ముఠా జారిపోతుంది కనుక వాణ్ణే ఎరగా వేస్తున్నామన్నాడు చీఫ్.

"వాడు వాళ్లకి చిక్కకూడదు. చిక్కితే ప్రాణంతో చిక్కకూడదు."

"వాడు నా బావమరిది సార్."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా. ఎంత గందరగోళంలోనైనా వాడి ముఖం నీకు పొరపాటు పడదు."

డేగ తెల్లగడ్డం అంటించుకుని, ఊతకర్ర పట్టుకుని విమానం ఎక్కాడు. కర్రలో కత్తి, దాని పిడిలోనే పిస్తోలు, అందులో ఒకే ఒక్క తూటా. ఎయిర్‌హోస్టెస్ వేషంలో శాఖ మనిషి ఒకామె ఉంది. సంపెంగ అంటారు. చెవులు దిబ్బడ వేశాయా తాతగారూ అని కోడ్ ప్రకారం అడిగింది. ఎడమది వేసింది, కుడిది ఆలోచిస్తోంది అని అతను కోడ్ ప్రకారమే చెప్పాడు. ముందు వరసలో బావమరిది, ఆమె ఎటు నడిస్తే అటు తల తిప్పుతున్నాడు. వెనక కూర్చున్న ముసలాణ్ణి వాడు ఆనవాలు పట్టలేదు.

మిట్టమధ్యాహ్నం కెప్టెన్ గొంతు వినిపించింది. ఎదురుగాలి ముదిరిందట, ఇంధనం కోసం దిగుతున్నారట. కిందంతా ఎండిన మైదానం. ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు. ట్యాంకర్ వచ్చి రెక్క కింద ఆగింది. సంపెంగ మైకు అందుకుని, ఇంధనం నింపుతున్నారు, అందరూ బెల్టులు గట్టిగా బిగించుకుని కూర్చోండి అంది.

డేగ వెన్ను నిటారైంది. ఇంధనం నింపేటప్పుడు బెల్టులు విప్పి కూర్చోమంటారు. మంట లేస్తే జనం పరుగెత్తాలి కదా. బిగించమనేది జనాన్ని లేవనివ్వకూడదనుకునే వాళ్లే. వెనక్కి చూశాడు. రెండో ఎయిర్‌హోస్టెస్ జాడ లేదు. టాయిలెట్ తలుపు కింద నుంచి సన్నగా నెత్తురు జారుతోంది.

ఆలోగా సంపెంగ బావమరిది మీదికి వంగి, మీ సూట్‌కేసు తడిసింది, ఒకసారి దిగి చూసుకోండి అంది. వాడు పెళ్లికొడుకులా లేచాడు.

డేగ తలుపు దగ్గరికి చేరేసరికి ట్యాంకర్ మనిషి మెట్ల మీద అడ్డం నిలబడి, స్పానర్ ఎత్తి భుజం మీద మోదాడు. ఎముక పటుక్కుమంది. డేగ కర్ర దూసి కత్తి వాడి గొంతులో దించాడు. వాడు మెట్టుమెట్టుకీ తల కొట్టుకుంటూ దొర్లాడు, నేలమీద నెత్తురు మడుగు కట్టింది. దెబ్బలాటలో తెల్లగడ్డం ఊడి వేలాడింది.

సంపెంగ బావమరిదిని ముందు పెట్టుకుని, కణతకి పిస్తోలు ఆనించి వెనక్కి నడుస్తోంది. వెనకే, మెట్ల పక్కనే, తలుపు తెరిచిన వ్యాన్. ఇంకొక్క అడుగు వేస్తే లోపలే. ఆమె ముఖం వాడి తల చాటున ఉంది. డేగ పిడి ఎత్తి గురి చూశాడు. మీట నొక్కాడు.

అదే క్షణంలో బావమరిది కాలు ఆ నెత్తుటి మడుగులో జారింది. తూటా వాడి జుట్టు రాసుకుంటూ పోయి సంపెంగ కంట్లో దిగింది. ఆమె వ్యాన్ మెట్టు మీద కూలింది. డ్రైవరు కత్తి తీసి దూకాడు. డేగ ట్యాంకర్ గొట్టం లాగి, దాని ఇత్తడి మూతితో వాడి దవడ పగలగొట్టాడు. పడ్డవాణ్ణి లేవకుండా మళ్లీ కొట్టాడు.

కెప్టెన్, ప్రయాణికులు తలుపు దగ్గర మూగారు. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి గురి చూడలేదన్నాడు కెప్టెన్. బావమరిది మోకాళ్ల మీద లేచి, ఊడిన గడ్డం కింది ముఖాన్ని పోల్చుకున్నాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"బావా, నువ్వా. జుట్టు కాలింది గానీ చర్మం తెగలేదు చూడు. ఏం గురి బావా. ఇది అక్కకి నేనే చెప్తాను."

డేగ కత్తిని చొక్కాకి తుడిచి కర్రలోకి తోశాడు.

"నేను ఆమెకి గురిపెట్టలేదురా. నీ నుదుటికి పెట్టాను."