మూడో నంబరు చెక్క

పొద్దున ఏడున్నరకే భ్రమరాంబకు కోపం వచ్చేసింది. కోపమని ఆమె అనుకుంది గానీ, అది అచ్చంగా అసూయ. వీధి మలుపులో కరుణమ్మ చెప్పుల చప్పుడు వినబడగానే, తొమ్మిది నెలల కూతురు లహరి తల్లి ఒళ్లోంచి జారిపోవాలని కాళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఉండవే, పాలు తాగలేదింకా," అని భ్రమర గట్టిగా పట్టుకుంది. పిల్ల ఏడుపు లంకించుకుంది. కరుణమ్మ గుమ్మంలోంచే చేతులు చాపింది. ఏడుపు ఠక్కున ఆగిపోయింది. అట్లా ఆగినందుకే భ్రమరకు మరింత ఒళ్లు మండింది.

భ్రమరకు త్రిపురాంతకం దగ్గర ఒక ఊరి సచివాలయంలో ఉద్యోగం. ఆరు నెలల ప్రసూతి సెలవు అయిపోయి, మార్కాపురం నుంచి రోజూ బస్సులో పోయి రావడం మొదలుపెట్టి మూడు నెలలైంది. భర్త పుల్లారావుది బజారులో కిరాణా దుకాణం. తొమ్మిదయ్యేసరికి అత్త కామేశ్వరి అక్కడ గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి. ఆమె లేకపోతే ఏ సరుకు ఏ డబ్బాలో ఉందో కొడుక్కే తెలియదు. అందుకని పిల్లను చూసుకోవడానికి కరుణమ్మను పెట్టుకున్నారు. భ్రమర జీతంలో మూడో వంతు ఆమెకే పోతుంది. "దానికన్నా ఇంట్లో ఉంటే పోలా?" అని చుట్టాలు అన్నప్పుడల్లా భ్రమర నవ్వి ఊరుకునేది. రెండేళ్లు చదివి, పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం అది. మానేస్తే మళ్లీ రాదు. కానీ జీతమిచ్చి మరీ కూతుర్ని ఇంకొకరి ఒళ్లో పెడుతున్నానే అని బస్సులో రోజూ కళ్లు తుడుచుకునేది.

సాయంత్రం ఇంటికి రాగానే పిల్ల తల వాసన చూసేది. కరుణమ్మ రాసిన ఆముదం వాసన తగిలితే మళ్లీ స్నానం చేయించేది. కరుణమ్మ ఎడమ బుగ్గ మీద పెట్టిన దిష్టిచుక్క తుడిచేసి, కుడి బుగ్గ మీద తాను పెట్టేది. ఆదివారం కరుణమ్మ రాదు కాబట్టి ఆ రోజంతా పిల్లను చంక దించేది కాదు. అన్నం కూడా ఒంటిచేత్తోనే.

"కాసేపు కింద వదులు, కాళ్లు రావద్దా దానికి?" అనేది కామేశ్వరి.

"నాకు వారానికి ఒక్క రోజే గదా అత్తయ్యా."

ఈ కుళ్లు ముదిరింది పాలకాయలప్పుడు. ఆ ఇంట్లో పిల్లల ప్రతి ముచ్చటకూ ఒక వంట ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాలకాయలు, గడప దాటితే గారెలు. చేసి వీధంతా పంచాలి. లహరి మొదటిసారి పాకిన రోజు భ్రమర ఆఫీసులో ఉంది. సాయంత్రం బస్సు దిగి వస్తుంటే ఎదురింటి వెంకాయమ్మ ఆపి, "మీ పిల్ల పాకిందంట గదా! పాలకాయలు కరకరలాడినాయి," అని చెప్పింది. వీధి మొత్తానికీ తెలిశాక తల్లికి తెలిసిందన్నమాట. ఆ పూట భ్రమర ఒక్క పాలకాయ కూడా ముట్టుకోలేదు. మర్నాడు ఆమె వాటా గిన్నెలో అట్లాగే ఉండిపోవడం కరుణమ్మ చూసింది. చూసి, గిన్నెకు మూత పెట్టింది.

ఇవాళ ఆఫీసులో సర్వర్ పనిచేయలేదు. భ్రమర మధ్యాహ్నం నుంచి సెలవు తీసుకుని బస్సెక్కింది. ఈ పూట పిల్లను నేనే నిద్రపుచ్చుతానని దారి పొడుగునా మురిసిపోయింది.

ఇంటికొచ్చి చూస్తే గడపకు అడ్డంగా ఒక చెక్క ఉంది. షట్టర్ రాకముందు దుకాణాన్ని అట్లాంటి చెక్కలు వరసగా నిలబెట్టి మూసేవారు. వరస తప్పకుండా మామగారు ఒక్కోదాని మీద తెల్లరంగుతో అంకె వేశారు. ఇది మూడో నంబరుది. దాని అవతల లహరి మోకాళ్ల మీద లేచి, చెక్క పట్టుకుని ఏడుస్తోంది. ఇవతల వరండాలో కరుణమ్మ కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"ఏంది కరుణమ్మా ఇది? గొర్రెపిల్లను దొడ్లో పెట్టినట్ల పెట్టినావు నా బిడ్డను!"

కరుణమ్మ గాభరాగా లేచింది. "అట్ల కాదమ్మా, ఒక్క మాట..."

"నీ పని జరగాలని దానికి అడ్డం కట్టినావా? దీనికేనా నీకు జీతమిచ్చేది?"

భ్రమర చెక్కను లాగి అవతల పడేసి పిల్లను ఎత్తుకుంది. లహరి తల్లి భుజం మీదుగా వంగి, రెండు చేతులూ కరుణమ్మ వైపే చాపింది.

"ఏం మందు పెట్టినావో ఏమో! రేపటినుంచి రావద్దు నువ్వు."

అన్నాక, ఆ మాట ఎక్కువైందని భ్రమరకే అనిపించింది. కరుణమ్మ చిక్కుళ్లు గిన్నెలో పోసి, చేతులు కడుక్కుంది. "పెరుగన్నం మెత్తగా పిసికి పొయ్యిగట్టు మీద పెట్టినా. ఇంకా తినలేదు బిడ్డ," అని చెప్పి వెళ్లిపోయింది.

రెండు గంటలకు అన్నానికి వచ్చిన కామేశ్వరి ఇల్లంతా చూసింది. "కరుణమ్మేదీ?"

"మాన్పించినా."

"రేపు పిల్లనెవరు చూస్తారు? నీకు సెలవులెక్కడున్నాయి?"

"ఉద్యోగమే మానేస్తా అత్తయ్యా. చెక్క అడ్డం పెట్టి పిల్లను పెంచే మనిషి నాకొద్దు."

కామేశ్వరి మంచినీళ్ల చెంబు కింద పెట్టింది. "ఆ చెక్క దుకాణం నుంచి తెచ్చిచ్చింది నేనే."

"మీరా?"

"పిల్ల గడప మీదికి కాలెత్తబట్టి పన్నెండు దినాలైంది. కరుణమ్మ దాన్ని చంకనేసుకుని దుకాణానికి ఉరికొచ్చింది. గారెలకు పప్పు నానబెడదామన్నా నేను. ఒప్పుకోలే. 'పాలకాయలప్పుడు ఆ తల్లి ఒక్కటన్నా నోట్లో ఏసుకోలేదు. గడప మటుకు ఆమె కళ్ల ముందరే దాటాల. ఆదివారం దాకా ఆపుదాం' అనింది. నువ్వు పోయినాక చెక్క పెట్టి, వచ్చేలోగా తీసేసేది. పిల్లకు తన మొహం కనపడాలని వరండాలో ఎదురుగా కూర్చునేది. రెండు ఆదివారాలు పోయినాయి. నువ్వు చంక దించితే గదా అది దాటేది!"

"నాకు చెప్పొచ్చు గదా అత్తయ్యా..."

"చెప్తే ఇంకేం ముచ్చట? నువ్వే చూసి మురవాలని ఆమె ఆశ."

భ్రమర గోడకానుకుని కూలబడిపోయింది. సిగ్గుతో ముఖం ఎత్తలేకపోయింది. తన కూతురి గడపకు అసలు అడ్డం తానేనని తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఎండ తగ్గగానే పిల్లనెత్తుకుని కరుణమ్మ ఇంటికి వెళ్లింది. కరుణమ్మ వాకిట్లో బిందె తోముకుంటోంది.

"మందు పెట్టినావన్నా నిన్ను," అంది భ్రమర, కూర్చోకుండానే. "నీ మీద నాకు కుళ్లు కరుణమ్మా. ఇది నీ చేతుల్లో ఏడుపు ఆపితే నాకు కడుపు మండుతాది. అంతే, ఇంకేం లేదు."

కరుణమ్మ బిందె పక్కన పెట్టింది. "నా కొడుకు పాలు మానకముందే నేను పలకల ఫ్యాక్టరీకి పోయినానమ్మా. మా అత్త దగ్గర ఇడిచిపెట్టి పోయేదాన్ని. రాత్రిపూట వాడు ఆమె పక్కలోకి దొర్లితే ఎంత ఏడ్చినానో! ఆమె పోయి పదేళ్లు. ఆ కుళ్లు ఇంకా పోలే. నీ గిన్నెలో పాలకాయలు చూడంగానే తెలిసిపోలా నాకు?"

ఇద్దరూ ఏడుస్తూనే నవ్వారు. లహరి చేతులు చాపింది. ఈసారి భ్రమర తానే వంగి అందించింది.

మర్నాడు పొద్దున భ్రమర బయల్దేరుతుండగానే కరుణమ్మ చెక్క తెచ్చి గడపకు ఆనించబోయింది. భ్రమర దాన్ని అందుకుని అటక మీదికి తోసేసింది.

"ఆదివారం ఇంకా మూడు దినాలే గదమ్మా," అంది కరుణమ్మ.

"వద్దు. దాటేటప్పుడు దాటనీ, నువ్వు చూడు. నాకు ఫోన్ చెయ్యి. వెంకాయమ్మ పిన్నికి మటుకు నేనే చెప్తా."

పదకొండున్నరకు ఫోన్ వచ్చింది. "దాటిందమ్మా!" అంది కరుణమ్మ. వెనక లహరి కేరింతలు వినబడ్డాయి. భ్రమర కళ్లు నిండిపోయాయి. కంప్యూటర్ ముందు నిలబడ్డ ముసలాయన కంగారుగా, "ఏందమ్మా, నా కాగితాల్లో ఏమన్నా తప్పుందా?" అన్నాడు. ఆమె నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. లోపల ఎక్కడో కొంచెం మండింది. మండినా సంతోషంగానే ఉంది.

సాయంత్రం బస్సు దిగి వస్తుంటే వెంకాయమ్మ తన గేటు దగ్గర ఎదురైంది. "ఏంది భ్రమరా, మీ ఇంట్లో గ్రైండర్ తిరుగుతాంది ఇందాకట్నుంచి?"

"మా పిల్ల గడప దాటింది పిన్నీ," అంది భ్రమర, వీధంతా వినబడేట్టు. "ముందు మా కరుణమ్మ చూసింది."