పరదేశమ్మ పేరంకె

ఆగండి, ఒక్క క్షణం. మాటలు ఆపి వినండి. ముందు సర్రుమని హోరు, ఆ హోరు అడుగున ఎక్కడో టిక్కుమని చిన్న చప్పుడు, వెంటనే రెండు కూతలు. విన్నారా? తానెక్కడుందో ఒక పడవకు ఇప్పుడే తెలిసింది!

పరదేశమ్మ సోల్డరింగ్ ఐరన్ ముక్కును తడి స్పాంజికి తుడిచింది. పొద్దుటి నుంచి ఇది మూడో పడవ. జీపీఎస్ పెట్టెలోంచి వచ్చే పసుపు తీగ చెబుతుంది, రేడియో వెనక వేలాడే నీలం తీగ వింటుంది, నల్ల తీగలు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పనంతా అంతే! కానీ కొత్తవాళ్ళు తొందరలో చెప్పే తీగను చెప్పే తీగకే కలిపేస్తారు. అప్పుడు రెండు పెట్టెలూ చెప్పుకుంటూ పోతాయి, వినేవాళ్ళుండరు. నడిసముద్రంలో ఆపదొచ్చి ఎర్రమీట నొక్కితే కేక బయటికి పోతుంది గానీ, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు.

నీళ్ళ మీద తేలే ఈ తేలురేవు కింద పాత చేపల బజారు మునిగి ఉంది. నీళ్ళు తేటగా ఉన్న రోజు దాని రేకుల కప్పు మీద పీతలు పాకడం కనిపిస్తుంది. ఈ రేవులో తలుపు తెరుచుకోవాలన్నా, పూట భోజనం అందాలన్నా, పడవ గొలుసు విడాలన్నా, రేవును నడిపే యంత్రం పెద్దచెవి వినాలి. పేరంకె, అంటే పేరుకు గుర్తుగా ఎక్కించిన అంకె, లేనివాళ్ళు దానికి వినపడరు. పడవ రేడియోకి ఒక పేరంకె, రేవులో పనిచేసేవాళ్ళ నడుముకుండే చేతిరేడియోకి ఒక పేరంకె. ఒక్కసారే ఎక్కుతుంది. ఎక్కాక చెరగదు.

నాలుగో పడవ ఎల్లాజీది. రెండు వేట కాలాలు ఊళ్ళోవాళ్ళ పడవల మీద వలలు లాగి లాగి, ఇప్పటికి సొంత పడవ ఎక్కాడు. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె.

"వేటకెల్తన్నావా, పెళ్ళికెల్తన్నావా?" అంది పరదేశమ్మ.

"పెళ్ళికి కూడా ఇలగ ముస్తాబవ్వలేదని మా ఆడది దెప్పుతంది. బేగి కానియ్యప్పా! వంజరాలు లోతుకెల్లిపోతన్నాయంట, రేపటికి దొరకవు."

"తీగలు కదా నాయనా, కంగారు పెడితే కాటేత్తాయి."

పసుపు, నీలం. నలుపు, నలుపు. కలిపింది, టంకం పెట్టింది, పైన వేడికి బిగుసుకునే గొట్టం తొడిగి సెగ చూపించింది. రేడియో తెర మీద అంకెలు మెరిశాయి, ఎల్లాజీ చప్పట్లు కొట్టేశాడు! ఇక పేరంకె ఒక్కటే మిగిలింది. పెద్దచెవిని అడిగింది. తెర మీదికి పంపిందది.

చివర జంట తొమ్మిదులు.

పరదేశమ్మ వేలు మీటల మీదే ఆగిపోయింది. ఆ అంకె ఆమె తమ్ముడు మసేనుది. "సివర జోడు తొమ్మిదులప్పా, నువ్వు మర్సిపోదామన్నా మర్సిపోలేవు" అని నవ్వుతూ తనే ఎక్కించుకున్నాడు. పోయినేడు తుపానుకు పడవతో సహా కనపడకుండా పోయాడు. వెతికారు, ఆపేశారు. ఆమె మాత్రం ఆపలేదు. రోజూ పని దిగాక చేతిరేడియోలో ఆ అంకె కొట్టి 'ఎక్కడున్నావు' మీట నొక్కుతుంది. పడవ ఎక్కడ తేలుతున్నా, పైన ఉన్న సోలార్ పలక ఎండ తాగుతున్నంత కాలం రేడియో తనంతట తానే జవాబిస్తుంది. మనిషి అక్కర్లేదు. తెర మీద 'చూస్తున్నాం' అని వస్తుంది, కాసేపటికి ఆరిపోతుంది. అయినా ఆ కాసేపూ ఆమెకు తమ్ముడు ఉన్నట్టే.

ఇప్పుడు ఈ అంకె ఎల్లాజీ పడవకు ఎక్కిస్తే, సాయంత్రం అడగ్గానే జవాబొస్తుంది. ఠక్కున వస్తుంది. మసేను దగ్గర్నుంచి మాత్రం కాదు.

"ఇది ఖాళీ అంకె కాదు. ఇంకోటియ్యి" అంది పెద్దచెవితో.

"ఏడాదిగా మౌనంగా ఉన్న పేరంకె ఖాళీగా పరిగణించబడుతుంది" అంది పెద్దచెవి, ఎంతో మర్యాదగా. "వేరేది వచ్చే వేట కాలానికి లభిస్తుంది."

ఎల్లాజీ మొహంలో రంగు దిగిపోయింది. "వచ్చే కాలందాకానా? అప్పు... అప్పా, ఆ అంకెకేటయ్యింది?"

"మా మసేనుదిరా."

వాడు చొక్కా అంచు నలుపుకుంటూ నిలబడ్డాడు. "అయితే వొగ్గీ అప్పా. నానాగుతాను" అన్నాడు. పడవ అప్పు నెత్తిన పెట్టుకుని ఆగలేడని ఇద్దరికీ తెలుసు.

పరదేశమ్మ వాడి వైపు చూడలేదు. రేడియో మీద గబగబా అంకెలు కొట్టి, ఖాయం చేసేసింది. చివర జంట తొమ్మిదులు లేవు.

"ఇదెవలిదప్పా?"

"నాది."

"ఓర్నాయనో! నీ పేరు నానట్టుకెల్లిపోతే నువ్వేటవుతావు?"

"నానిక్కడే ఉంటాను. ఎక్కడికెల్తాను? నువ్వున్న సోటు నీదే, పేరొక్కటే నాది. ఎర్రమీట నొక్కితే నీకాడికే వత్తారు, భయపడకు."

"పెద్దచెవి ఊరుకుంటాదేటి?"

"దానికి సెవులున్నాయి గానీ కళ్ళు లేవు. ఎల్లెల్లు."

గొలుసు విడింది. పెద్దచెవికి అనుమానం రాలేదు. ఒకే పేరుతో రెండు గొంతులు వినిపిస్తే, చోటు చెప్పే గొంతునే అది నమ్ముతుంది. పరదేశమ్మ నడుముకున్న చేతిరేడియో మూగబోయింది. అప్పుడర్థమైంది ఆమెకు, ఇక సాయంత్రం అడగడానికి కూడా లేదని. తమ్ముడి అంకెను కాపాడింది, పిలిచే గొంతును పోగొట్టుకుంది! రేవు అంచున కూలబడిపోయింది.

పడవ కదులుతుండగా ఎల్లాజీ కేకేశాడు. "అప్పా! లోతుకెల్లాక ఆ జోడు తొమ్మిదుల్ని నాను పిలవనా? ఒడ్డు మీంచి నీ కేక అంత దూరమెల్లదు కదా!"

ఆమె తలూపింది. ఎవరు అడుగుతున్నారో అవతలి రేడియో తెర మీద పడుతుంది. మసేను పడవ ఎక్కడైనా తేలుతుంటే, ఆ తెర మీద 'పరదేశమ్మ' అని వెలుగుతుంది. తను ఎన్నడూ చూడని నీళ్ళలోకి తన పేరు ఒంటరిగా వెళ్తోంది, తమ్ముణ్ణి వెతుక్కుంటూ.

పని దిగి తన గది దగ్గరికి వెళ్తే తలుపు తెరుచుకోలేదు.

"పరదేశమ్మ గారు ప్రస్తుతం సముద్రంలో ఉన్నారు" అంది పెద్దచెవి. "ఈ తలుపు దగ్గర ఎవరూ లేరు."

"నానున్నాను గదా!"

పెద్దచెవి మళ్ళీ మొదటి నుంచి లెక్క వేసుకుంది. "లెక్క కుదరడం లేదు. పరదేశమ్మ గారు ఇప్పుడే లోతు నీళ్ళలోంచి ఒక మౌనపు పేరంకెను పిలిచారు. జవాబు కోసం చూస్తున్నారు. ఇది పొరపాటా? సవరించమంటారా?"

తలుపు మీద రెండు మీటలు వెలిగాయి. సవరించమంటే గది ఆమెది, భోజనం ఆమెది, ఎల్లాజీ పడవ పేరు చెల్లక వలలు విప్పకుండానే వెనక్కి వస్తుంది, సముద్రంలో ఆ పిలుపు సగంలో తెగిపోతుంది. వద్దంటే పిలుపు సాగుతుంది, రేవులో మాత్రం ఆమె అనే మనిషి ఉండదు. ఏ తలుపూ ఎరగదు, ఏ వంటశాలా పెట్టదు.

పరదేశమ్మ చెయ్యి పైకి లేచింది. మీరైతే ఏది నొక్కేవారు?