వెనక వరుస సీసాలు

పొద్దున్నే టీ పెడదామని వంటింట్లోకి వెళ్లిన సుమిత్రమ్మకు స్టవ్ పక్కన గిన్నె దించే చోటు కూడా కనిపించలేదు. ఎటు చూసినా గాజు సీసాలే. మామిడికాయ తొక్కు సీసా, పల్లీల సీసా, ఎప్పటికైనా పనికొస్తాయని కడిగి దాచుకున్న సీసాలు, అన్నీ కలిసి పన్నెండు. ప్రతిదాంట్లో చిక్కటి చక్కెర పాకం, అందులోకి పుల్లకు కట్టి వేలాడదీసిన దారం. గోడ వెంబడి చీమలు పెళ్లికి పిలిచినట్టు బారులు తీరి వస్తున్నాయి.

"వినీతా! యూనివర్సిటీల గంత పెద్ద ల్యాబు ఉన్నదంటివి. నా వంటిల్లు తప్ప ఇంకో జాగ దొరకలేదానే నీకు?"

"శనివారం దాకనే అమ్మా. జెర ఓపిక పట్టు. వాటిని కదిలించకు, ముట్టకు."

"ముట్టకుంటే అన్నం ఎట్ల వండాలె? గాలిలనా?"

వినీత హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తోంది. వాళ్ల బృందం కొత్త పదార్థాల కోసం స్ఫటికాలు పెంచి పరిశోధిస్తుంది. మూడు నెలలకోసారి ఒక కాగితం అచ్చు వేస్తుంది. ఎవరికి బహుమతి వచ్చింది, ఎవరు ఏ బడికి వెళ్లి పిల్లలకు సైన్సు చెప్పారు అన్నీ అందులో ఉంటాయి. కిందటిసారి దాంట్లో మొదటి బహుమతి అందుకుంటున్న వినీత ఫొటో పడింది. సుమిత్రమ్మ దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించింది. మంచినీళ్ల కోసం రోజుకు పదిసార్లు ఆ తలుపు తీసే భర్త ఆత్మారాం మాత్రం ఒక్క మాట అనలేదు. అక్కడే ఆమెకు ఒళ్లు మండేది.

ఈ శనివారం సొంత ఊరు బోధన్‌లో, తను చదివిన బడిలోనే, పిల్లలకు వినీత చక్కెర స్ఫటికాలు చూపించాలి. ఆమె గైడు సుకన్య మేడం కూడా వస్తున్నారు. ఇది బాగా జరిగితే జిల్లాలో ఇరవై బడులకు ఈ కార్యక్రమాన్ని వినీతే నడిపిస్తుంది. లేకపోతే ఆ అవకాశం వేరే విద్యార్థికి పోతుంది. సొంత ఊళ్లో, సొంత బడిలో తలదించుకోవాల్సి వస్తుందేమోనని ఆమె భయం.

ఆత్మారాం ఒకప్పుడు చక్కెర ఫ్యాక్టరీలో ప్యాన్ మ్యాన్. పెద్ద ఆవిరి బానలో పాకం ఉడుకుతుంటే రవ్వ, అంటే సన్నటి చక్కెర పలుకు, ఎప్పుడు కట్టాలో చూసి చెప్పే మనిషి. ఇరవై ఎనిమిదేళ్లు అదే పని. ఫ్యాక్టరీ మూతపడిన రోజు నుంచి ఆయన టీలో చక్కెర మానేశాడు. షుగరు జబ్బు లేదు, రెండుసార్లు పరీక్ష చేయించారు. ఇప్పుడు ఎరువుల దుకాణంలో కూర్చుంటాడు, మధ్యాహ్నం ఇంటికి వచ్చి తిని కాసేపు నడుం వాలుస్తాడు. ఆ వేళకు సుమిత్రమ్మ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి వెళ్తుంది. వినీత శనివారం ఏర్పాట్ల కోసం బడిలో ఉంటుంది.

శుక్రవారం సాయంత్రం వంటింట్లోంచి వినీత కేక వినిపించింది.

"అమ్మా! వెనక వరుస సీసాలల్ల నీళ్లు పోసినవా?"

"నాకేం పని? నీ సీసాల దిక్కు సూసుడే బంద్ చేసిన."

"మరి గీత మీదికి పాకం ఎట్ల వచ్చింది? రోజూ పెన్నుతోని గీసుకుంటున్న. నాలుగు సీసాలు ఖరాబ్ అయినయ్. రేపు మేడం వస్తుంది. నీకు చీమలే కనపడ్తయ్ గని నా కష్టం కనపడదు!"

సుమిత్రమ్మ చేతిలోని చాట కింద పడేసింది. "ఐదు దినాలసంది నా ఇంట్ల నేనే పక్కకు జరుగుకుంట వండుతున్న. కష్టం కనపడదంటవా?"

"మీ అమ్మనేం అనకు." ఆత్మారాం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నేనే పోసిన."

వినీత గిరుక్కున ఆయన వైపు తిరిగింది. "నువ్వెందుకు ముట్టినవ్ బాపూ? నేను రాసుకున్న లెక్కలన్నీ తప్పినయ్. ఫ్యాక్టరీ పోయి పదేండ్లయింది. ఇది నీ ప్యాన్ కాదు, నా పని!"

ఆయన తువ్వాల భుజాన వేసుకుని బయటికి వెళ్లి, గేటు పక్క బండ మీద కూర్చున్నాడు.

వీళ్లిద్దరి మధ్య నలిగి నలిగి సుమిత్రమ్మకు విసుగు నెత్తికెక్కింది. "అయిపాయె! పారబోస్త. ఒక్కటి ఉంచ. ఇగ నా వంటిల్లు నాకు దక్కుతది." ముందు వరుసలో సీసా అందుకుని దారం పైకి లాగింది. రాలేదు. అడుగున కట్టిన గడ్డకు అతుక్కుపోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. చిరాకుగా వెనక సీసా దారం లాగింది. అది సులువుగా పైకి వచ్చింది. దాని చివర బొటనవేలి గోరంత స్ఫటికం, నున్నటి పలకలతో, అవతల ఉన్న ట్యూబ్‌లైటు కనిపించేంత తేటగా ఉంది.

పారబోయడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

వినీత మిగతా మూడు దారాలు తీసి చూసింది. మూడింటికీ అలాంటివే. ల్యాబులో కూడా ఇంత మంచిది తనకు ఒక్కసారే వచ్చింది. లెక్కల పుస్తకం అక్కడే వదిలేసి గేటు దగ్గరికి నడిచింది.

"బాపూ, ఏం చేసినవ్?"

"రవ్వ పట్టినంక పక్కల కొత్త రవ్వ పడనియ్యద్దు బిడ్డా. పడ్డదంటే ఉన్న శక్కరంత అదే గుంజుకుంటది, పెద్దది పెరుగది. మీరు ఇంట్ల లేనప్పుడు రోజూ దారం తీసి పక్కకు పెట్టి, జెరంత ఏడినీళ్లు పోసి, సన్నరవ్వ కరిగినంక, సల్లారినంక మల్ల ఏలాడగట్టిన. ముందటియి ముడితే నీకు తెలుస్తదని ఎనకయి ముట్టిన. ఇయ్యాల నీళ్లు జెర ఎక్కువ పడ్డయ్."

"నాకు చెప్పొచ్చు కదా."

"ఏమని చెప్పాలె? నువ్వు గంత సదివినవ్. నేను పదో తరగతి ఫేలు. ఫ్రిజ్ మీద నీ ఫొటో సూసినప్పుడల్లా, నా పని నా బిడ్డకు వచ్చింది అనుకుంట. నోటితోని అంటే నవ్వుతవని అనలే."

వినీత ఆయన పక్కనే బండ మీద కూర్చుని ఏడ్చింది. "తప్పయింది బాపూ. రేపు బడికి రా. నువ్వే చెప్పాలె."

"మీ మేడం ముంగట నేనేం చెప్తనే?"

"ఏమయ్యా!" లోపలి నుంచి సుమిత్రమ్మ అరిచింది. "తెల్లంగి ఇస్త్రీ చేస్తున్న. ఇంత చేసినంక రానంటే ఊకోను!"

శనివారం బడిలో ఆత్మారాం మొదట తెల్లంగి చేతులు పైకి మడుచుకున్నాడు. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పాకం చుక్క తీసుకుని తీగ సాగదీశాడు. గాజు పలక మీద ఇంకో చుక్క పూసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. పిల్లలు బెంచీలు వదిలి ఆయన చుట్టూ మూగారు. "గీ సుక్కల రవ్వ ఉన్నదా లేదా, చెప్పుండ్రి" అని ఆయన అడుగుతుంటే సుకన్య మేడం కూడా పిల్లల వెనక నిలబడి మెడ సాచి చూశారు.

వెళ్లేటప్పుడు మేడం అన్నారు: "వినీతా, ఇరవై బడులూ నీవే. ఈసారి కాగితంలో మీ నాన్నగారి పేరు కూడా వెయ్యాలి. ఆయన పని పేరుతో సహా."

ఆదివారం పొద్దున సుమిత్రమ్మ వంటింట్లోకి వెళ్లేసరికి సీసాలు పదహారు అయ్యాయి. తండ్రీకూతుళ్లు వాటి మీదకి వంగి ఏదో వాదించుకుంటున్నారు.

"మల్లనా? నా కర్మనా ఇది?"

"జెర టీ పెట్టు" అన్నాడు ఆత్మారాం తల ఎత్తకుండానే. "శక్కరెయ్యి."

ఆమె చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. మళ్లీ అడిగితే ఎక్కడ మాట మార్చుకుంటాడోనని గబగబా డబ్బా తీసింది. అడుగున ఒక్క పలుకు లేదు. అంతా సీసాల్లోకి వెళ్లిపోయింది. తిట్టుకుంటూ గ్లాసు పట్టుకుని పక్కింటి ఈరవ్వ గుమ్మం ముందు నిలబడింది.

"ఏందక్కా, కండ్లల్ల నీళ్లు? ఏమైంది?"

"ఏం కాలె. పదహారు సీసాల శక్కర ఉన్నది, టీల ఎయ్య చెంచెడు లేదు. గా తండ్రిబిడ్డలతోని నేను ఏగలేను." సుమిత్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని గ్లాసు ముందుకు చాపింది. "నిండ పొయ్యి ఈరవ్వా. మా ఆయన పదేండ్లకు అడిగిండు."