కప్పు గెలిచిన పొద్దు

నాలుగు రోజులకొకసారి కొళాయికి నీళ్లొచ్చే ఊళ్లో, నీళ్లొచ్చిన ఉదయం పండగలా ఉంటుందని హేమలతకు పెళ్లయ్యాకే తెలిసింది. కాపురానికొచ్చి మూడు నెలలు. ఖాళీ బిందె అడుగున పడే మొదటి ధార మోత, బిందె నిండేకొద్దీ సన్నబడే ఆ మోత, నడుము మీద చల్లగా తగిలే తడి, వెనకనుంచి వచ్చి జడ లాగిపోయే మొగుడు శశికుమార్... ఇన్ని సంతోషాలు ఒక్క పొద్దుటిపూటే దొరికితే నవ్వు ఆగేది కాదు ఆమెకు.

"కొత్త కదా, నవ్వనీలే. వచ్చే ఎండాకాలం సూస్తాం" అనేది పక్కింటి పెద్దక్క. ఆ మాటకూ నవ్వొచ్చేది.

ఆ ఆదివారం నవ్వుకు ఇంకో కారణం కూడా ఉంది. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు నలభై ఏళ్లు నిండాయి. క్లబ్బు పెట్టినవాడు మామ హనుమంతరాయుడే. వయసులో ఉన్నప్పుడు గుత్తికి కూలిపనికి పోయి, రైల్వేవాళ్ల ఆట కంచె అవతల నిలబడి చూసి, వాళ్లు పారేసిన బంతిని గోతంలో వేసుకుని తెచ్చాడట. సాయంత్రం గార్లదిన్నె జట్టుతో మ్యాచ్. దానికి ముందు మైకులో క్లబ్బు చరిత్ర చదవాలి. డిగ్రీ చదివింది, చేతిరాత బాగుంటుంది అని రాసే పని కొత్తకోడలికి అప్పగించారు. వారం రోజులుగా మామ చెప్తుంటే ఆమె రాస్తోంది. తుమ్మ కొయ్యలతో నిలబెట్టిన గోలుపోస్టులు, మిరపకాయల గోతాలు విప్పి అల్లిన వల, చెనిక్కాయ పీకిన చేలో రాళ్లేరుకుని ఉత్తకాళ్లతో ఆడిన ఆటలు. రాస్తున్నంతసేపూ ఎంత మంచి ఇంటికి వచ్చానని మురిసిపోయింది.

"యాడికొచ్చినాం తల్లీ?" పంచలో మంచం మీద కూర్చున్న హనుమంతరాయుడు అడిగాడు.

"తొంభై ఏడు, మామా. మొదటి కప్పు."

ఆయన మంచం నవారు లాగి సరిచేసుకున్నాడు. "ఆ ఏడు పెద్ద కరువు. అయినా మన కట్టుబాటు తప్పలేదు. ఒకటి, సున్నా. కప్పు మనది. అంతే రాయి."

కట్టుబాటంటే నీళ్లు. గ్రౌండంతా ఎర్రదుమ్ము. తడపకపోతే బంతి కనపడదు, పరిగెత్తేవాడికి ఊపిరాడదు. అందుకే మ్యాచ్ రోజు ఆడే ప్రతివాడి ఇంటినుంచి నాలుగు బిందెల నీళ్లు గ్రౌండుకు పోయాలి. పోయనివాడు ఆటకు దిగకూడదు. ఆ నియమం పెట్టింది కూడా హనుమంతరాయుడే.

మామ చెప్పిన నాలుగు ముక్కలు హేమలతకు చప్పగా అనిపించాయి. తన సొంతంగా ఒక వాక్యం కలిపింది. కలిపి, తానే చదువుకుని ముచ్చటపడింది.

అంతలో శశికుమార్ ఖాళీ బిందెలు మోసుకుంటూ వచ్చాడు. "ఏమే, తొట్టిలో నుంచి నాలుగు బిందెలు ముంచియ్యి. ట్రాలీ ఆటో వస్తాండాది."

హేమలత తొట్టి మీది రేకు ఎత్తబోయింది. ఎప్పుడు వచ్చిందో అత్త గంగాదేవి, ఆ రేకు మీద అరచెయ్యి ఆనించింది.

"ఈ తొట్టి నీళ్లు ముట్టొద్దు."

"అదేందమ్మా! ఎప్పుడూ నాగప్ప మామ చేలో బోరు నీళ్లు తెస్తాంటి. ఈ ఏడు ఆ బోరు ఎండిపాయ. కొళాయీ నిలిచిపాయ. ఇంగ యాడ తేవల్ల?"

"యాడైనా తెచ్చుకో. ఆడకుంటే మానుకో."

"క్యాప్టెన్‌ని నేను! మా నాయన పెట్టిన కట్టుబాటు నేనే తప్పితే ఊళ్లో తలెత్తుకోవల్లనా వద్దా?"

హేమలత నవ్వుతూ మధ్యలోకి వచ్చింది. అత్తను మాటల్తో మెత్తబరచడం ఈ మూడు నెలల్లో ఆమెకు అలవాటైంది. "నాలుగు బిందెలే కదత్తా. క్లబ్బు మనది. ఇప్పుడే ఏం రాసినానో విను." పుస్తకం తెచ్చి గొంతు సవరించుకుని చదివింది. "ఆ కరువేడు ఊరంతా తమ దాహం మరిచి, సంతోషంగా గ్రౌండు తడిపింది."

గంగాదేవి ఆమె ముఖంలోకి చూసింది.

"సంతోషంగానా? ఎవురు చెప్పినారు నీకు?"

"నేనే... కలిపినానత్తా."

"బాగా కలిపినావు." ఆమె పంచ వైపు తిరిగింది. "ఏమప్పా, కోడలికి కప్పు గురించి చెప్పినావు, మంచిదే. ఆ పొద్దు ఈ ఇంట్లో ఎవురు చచ్చిపోయినారో చెప్పలేదా?"

హనుమంతరాయుడు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

"అమ్మా, ఇప్పుడెందుకు..." అన్నాడు శశికుమార్. "అక్క జ్వరమొచ్చి పోయిందని చెప్పినారు కదా!"

"జ్వరం కాదురా. వాంతులు, బేదులు." గంగాదేవి గొంతు పెంచలేదు. "రెండేండ్ల బిడ్డ. ఉప్పు, చక్కెర కలిపి గుక్క గుక్క నీళ్లు తాపుతానే ఉండు, కడుపులో నీళ్లుంటే బతుకుతాదని ఆస్పత్రి నర్సమ్మ చెప్పిపోయింది. ఇంట్లో ఉండేదే నాలుగు బిందెలు. పాప గుడ్డలు ఉతకను వంకకు పోయి, చెలమలో బురదనీళ్లు తోడి ఉతుక్కుని వస్తి. వచ్చి చూస్తే బిందెలు బోర్లించినాడు మీ నాయన. పక్కింటికి ఉరికితి, ఎదురింటికి ఉరికితి. ఆడేవాళ్ల ఇండ్లే కాదు, ఆ పొద్దు కప్పు కోసమని అందరూ పోసేసినారు. ఊళ్లో నీళ్లన్నీ ఆ దుమ్ములో ఉండాయి. మూడు మైళ్లు పోయి బోరు కాడ నిలబడితే కరెంటు లేదు. కరెంటొచ్చి, బిందె నిండి, నేను ఇంటికొచ్చేసరికి మీ అవ్వ ఒళ్లో పాప చల్లగా ఉండాది. అప్పుడే వీధిలో తప్పెట్లు. భుజాల మీద ఎక్కించుకుని వస్తాండారు ఈయప్పను, కప్పుతో సహా!"

వీధిలో ట్రాలీ ఆటో హారన్ మోగింది.

హేమలత చేతిలో పుస్తకం బరువెక్కింది. నడుము మీద బిందె తడి తగిలితే ఒళ్లంతా పులకించిపోయే తను, ఇదే ఇంట్లో ఇవే నీళ్ల కోసం ఈ మనిషి ఎంత దూరం పరిగెత్తిందో మూడు నెలల్లో ఒక్కసారీ అడగలేదు. తన చక్కని వాక్యం తనకే చేదుగా తగిలింది.

"కొట్టెయ్యి తల్లీ, ఆ మాట" అన్నాడు హనుమంతరాయుడు. "నేను చెప్తాండా, రాయి. ఆ పొద్దు నా బిడ్డకు తాపాల్సిన నీళ్లు, నాకు తెలీక..."

"తెలీకనా?" గంగాదేవి అడ్డుపడింది. "నర్సమ్మ చెప్పినప్పుడు గడపలో నిలబడుకోని ఉండావే! ఇరవై ఎనిమిదేండ్లు నోరు మూసుకుంటి. ఇప్పుడు రాసేటప్పుడైనా అబద్ధం రాయించొద్దు."

ముసలాయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి మాట బయటికొచ్చింది. "తెలిసే పోసినా. ఒక్క పూటకు ఏమైతాదిలే అనుకుంటి. నేను పోయకుంటే నన్ను ఆడనియ్యరు, నేను లేకుంటే కప్పు రాదు అనుకుంటి. అట్లే రాయి."

హేమలత రాసింది. అక్షరాలు వంకరపోయాయి.

"పాప పేరు రాసినావా?" గంగాదేవి అడిగింది.

"చెప్పత్తా."

"నాగజ్యోతి. రెండేండ్ల నాలుగు నెలలు."

శశికుమార్ వీధిలోకి పోయి ట్రాలీ ఆటోవాణ్ణి వెనక్కి పంపేశాడు. "ఈ పొద్దు ఏ ఇంట్లోనూ నీళ్లు ఎత్తొద్దని చెప్పు. దుమ్ములోనే ఆడతాం. ఎవురేమన్నా నేను చూసుకుంటా."

సాయంత్రం గ్రౌండు పొడిగా, ఎర్రగా పొగలు కక్కుతోంది. కోడలు చదవాల్సిన పుస్తకాన్ని హనుమంతరాయుడే తీసుకున్నాడు. ఐదో తరగతి చదువు ఆయనది. కూడబలుక్కుంటూ బంతి తెచ్చిన కథ, గోతాల వల కథ చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. తొంభై ఏడు దగ్గరికొచ్చేసరికి చప్పట్లు ఆగిపోయాయి. ఆ ఏడు తమ బిందెలు కూడా పోసినవాళ్లు ఆ గుంపులో చాలామందే ఉన్నారు. ఒక్కొక్కరే నేల చూడసాగారు. బిడ్డ పేరు దగ్గర ఆయన గొంతు మైకుకు కూడా అందనంత చిన్నదైపోయింది.

ఇన్నేళ్లలో ఎన్నడూ ఆ గ్రౌండులో అడుగుపెట్టని గంగాదేవి, ఆడవాళ్ల మధ్యలోంచి లేచి నిలబడింది. పక్కనున్న హేమలత ఆమె చెయ్యి పట్టుకుంది.

"వినపడలేదప్పా" అంది గంగాదేవి. "బిడ్డ పేరు ఇంగోసారి సదువు."

ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. ఈసారి ఊరంతా వినేలా చదివాడు.