జిన్నింగ్ మిల్లులో తప్పుడు లెక్క

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి వేలంపాట జోరుగా సాగుతోంది. ఒక వ్యాపారి రాశి ముందు వంగి, తేమ ఎంతుందో చూద్దామని మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. బయటికి తీస్తే చెయ్యి ఎర్రగా ఉంది.

ముందు తన చేతికే దెబ్బ తగిలిందనుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. గీత కూడా లేదు. అప్పుడు కేక పెట్టాడు.

హమాలీలు పత్తిని పక్కకు లాగారు. అడుగున మాదన్న ఉన్నాడు. గొంతు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తెగి ఉంది. పంచె మడత చింపేసి ఉంది. యార్డులో అందరికీ అతను నందవరం రైతు. ఢిల్లీలో నలుగురైదుగురికి మాత్రం ఇరవై ఏళ్ళుగా దొరకని గూఢచారి.

ఆ సాయంత్రమే ఎమ్మిగనూరులో ఒక చేనేత చీరల దుకాణం వెనక గదిలో గూఢచారి విభాగం బ్రీఫింగ్ జరిగింది.

"పంచె మడతలో ఏముంది సార్?" అడిగాడు సిద్దప్ప.

"పెన్‌డ్రైవ్. పాస్‌వర్డ్ వేసి ఉంది," అన్నాడు చీఫ్ వెంకటరామయ్య. "రూత్ ఏ ఊళ్ళో దాక్కుందో అందులో ఉంది."

రూత్ ఆదోనిలో ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సు. నోరు విప్పబోతున్న ఒక విదేశీ ఏజెంటు ముఖం మీద దిండు అదిమి చంపినవాణ్ణి కళ్ళారా చూసింది. వాడి పేరు బ్రూనో. పైకి పత్తి కొనడానికి వచ్చిన పెద్దమనిషి. లోపల మన రక్షణ రహస్యాలు కొనే ముఠాకు నాయకుడు. సోమవారం ఆదోని కోర్టులో రూత్ వేలు పెట్టి చూపిస్తే వాడు హంతకుడు. చూపించకపోతే గౌరవనీయుడైన వ్యాపారి.

"ఆమెను వెంటనే అక్కణ్ణుంచి తరలించండి సార్."

"ఎక్కడుందో తెలిస్తే కదా! మాదన్నకు తప్ప ఎవరికీ తెలీదు. లీకవుతుందేమోనని నాక్కూడా చెప్పొద్దని నేనే ఆర్డరేశాను." చీఫ్ ముఖం వేలాడేశాడు. "ఆ పెన్‌డ్రైవ్ ఇప్పుడు బ్రూనో చేతిలో ఉంది. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు గోడౌన్ అద్దెకు తీసుకుని క్రిప్టో నాణేల మైనింగ్ అంటూ కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డులు నడుపుతున్నాడు. కొత్త అల్గారిథమ్‌కు కార్డుల్ని ట్యూన్ చేసే మనిషి కావాలని కబురు పెట్టాడు. నీకా పని వచ్చు. వెళ్ళు. సోమవారం దాకా పెన్‌డ్రైవ్ తెరుచుకోకూడదు."

సిద్దప్ప తల ఊపాడు. అతనికి తుపాకీ పట్టడం నేర్పింది మాదన్నే. మొదటిసారి మనిషిని చంపి వచ్చి వణుకుతుంటే రాత్రంతా పక్కన కూర్చున్నదీ మాదన్నే. అతను ఈ మిషన్‌కు దొంగ పేరు కూడా పెట్టుకోలేదు. సి.బెళగల్ ఊరి సిద్దప్ప అంటే గూఢచారి అని ఎవడనుకుంటాడు?

చీఫ్ ఒక అగ్గిపెట్టె ఇచ్చాడు. "ట్రాన్స్‌మిటర్. పుల్ల గీస్తే మా జీపుకు సిగ్నల్ వస్తుంది. టీమ్‌తో దగ్గర్లోనే ఉంటాను."

"మిల్లులోకి నన్నెవరు తీసుకెళ్తారు?"

"ఇందు. బ్రూనో టెక్నికల్ మేనేజర్. మనకూ పనిచేస్తుంది. ఎవరి పక్షమని అడిగితే, తారీఖు చూసి చెప్తానంటుంది."

అప్పుడే దుకాణం ముందు భాగంలో హైహీల్స్ చప్పుడైంది. నల్ల కళ్ళద్దాలు, ముదురు ఎరుపు నేత చీర, ఎమ్మిగనూరులో ఎవరూ పూయని సెంటు. సిద్దప్ప బయటికి వచ్చాడు.

"ఈ చీర రంగు పోతుందా?" అందామె.

"ఉతికేవాళ్ళను బట్టి."

కోడ్ సరిపోయింది. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి చాలామంది చచ్చారని, వాళ్ళలో కొందరు నిజంగానే చచ్చారని సర్వీసులో చెప్పుకుంటారు.

మర్నాడు మిల్లు గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ ఉచ్చీరప్ప, ఇందూ సిద్దప్పా వచ్చిన కారు ఆపాడు. "అగ్గిపెట్టె, బీడీ, లైటరు ఏమన్నా ఉంటే ఈడ పెట్టండప్పా."

సిద్దప్ప జేబు తడుముకున్నాడు. "ఒక అగ్గిపెట్టె ఉందన్నా. నేను కాల్చను. ఊరికే ఉంచుకుంటా."

"కాల్చనోనికి అగ్గిపెట్టె యాలప్పా? ఈ పెట్టె. పొయ్యేటప్పుడు ఇస్తా."

వాదిస్తే అనుమానం వస్తుంది. భారత ప్రభుత్వం ఇచ్చిన ఏకైక ఆయుధం ఉచ్చీరప్ప డబ్బాలో పడింది. వెనకే బ్రూనో మనుషులిద్దరు, ఒక పొడుగువాడు, ఒక పొట్టివాడు వచ్చారు. వాళ్ళనూ అగ్గిపెట్టెలే అడిగాడు ముసలాయన. నడుముల్లో పిస్తోళ్ళున్నాయి కానీ, పిస్తోళ్ళ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

గోడౌన్‌కూ జిన్నింగ్ హాలుకూ మధ్య ఉన్నది రేకుల గోడే. అవతల పత్తి నుంచి గింజలు తీసే యంత్రాలు హోరెత్తిస్తున్నాయి. ఇవతల ర్యాకుల నిండా కార్డులు. మిల్లు కరెంటు, మిల్లు చప్పుడు చాటున ఎవరికీ కనపడకుండా బతకొచ్చని బ్రూనో ఎత్తు. అంత తెలివైనవాడు ఒక్క సంగతి ఆలోచించలేదు. మిల్లు గాలిలో దూది ఉంటుంది. ఫ్యాన్ల రెక్కలకు, కేబుళ్ళకు, దూలాలకు, మనుషుల కనుబొమ్మలకు తెల్లగా నూగు పట్టి ఉంది.

"కొత్త కాయిన్, కొత్త అల్గారిథమ్," అన్నాడు బ్రూనో. పెద్దమనిషి వాలకం, మెత్తటి గొంతు. "వేగం పెంచాలి."

సిద్దప్ప ఒక కార్డు మీద చెయ్యి పెట్టాడు. స్క్రీన్ మీద రీడింగులు చూశాడు. కొత్త మైనింగ్ అల్గారిథమ్‌లు చాలావరకు కార్డు మెమరీని పిండేస్తాయి. మెమరీ మలమలా మాడాలి. ఇక్కడ మెమరీ చల్లగా ఉంది, లెక్కలు కట్టే కోర్ కాలిపోతోంది. ఇది మైనింగ్ కాదు. పాస్‌వర్డ్‌లను ఒకదాని తర్వాత ఒకటి వేసి చూస్తున్నారు. మాదన్న పెన్‌డ్రైవ్‌కు తాళం పగలగొడుతున్నారు.

అతనికి సంగతి అర్థమైంది. మొహం మాత్రం మార్చలేదు.

"రెట్టింపు చేస్తాను," అన్నాడు.

కోర్ వేగాన్ని నిర్ణయించే క్లాక్ పైకి తోశాడు. వోల్టేజి కిందికి దించాడు. స్క్రీన్ మీద వేగం చూపించే అంకె ఎగిరింది. బ్రూనో కళ్ళు మెరిశాయి. మైనింగ్‌లో కొత్తగా దిగినవాళ్ళంతా ఈ అంకె దగ్గరే బోల్తా పడతారు. కార్డును మోతాదు మించి తోస్తే అంకె ఘనంగా కనిపిస్తుంది కానీ లెక్కలు తప్పు కడుతుంది. సరైన పాస్‌వర్డ్ ఎదురొచ్చినా కాదు పొమ్మంటుంది.

"టెస్ట్ చెయ్," అంది ఇందు, వెనక నుంచి. పాస్‌వర్డ్ తెలిసిన వేరే ఫైలు ఒకటి ఇచ్చింది. అది తెరిస్తే కార్డులు సరిగ్గా లెక్క కడుతున్నట్టు.

కార్డులు ఇంకా చల్లగానే ఉన్నాయి. క్షణంలో తెరిచాయి.

"ఫ్యాన్ల వేగం తగ్గిస్తున్నాను," అన్నాడు సిద్దప్ప తాపీగా. "నెమ్మదిగా తిరిగితే దూది తక్కువ లాగుతాయి."

రోజూ కార్డుల నుంచి దూది పీకలేక చస్తున్న బ్రూనో మనిషి పొట్టివాడు దండం పెట్టినంత పని చేశాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. గంట తిరిగేసరికి కార్డులు మాడిపోతూ, మహా వేగంగా, తప్పుడు లెక్కలు కట్టడం మొదలుపెట్టాయి.

శనివారం ఉదయానికి కార్డుల పని పూర్తయింది. స్క్రీన్ మీద ఒకే మాట: దొరకలేదు.

బ్రూనో స్క్రీన్ వంక చూస్తూ నిలబడ్డాడు. ఇందు తన టెస్ట్ ఫైలునే మళ్ళీ పెట్టింది. నిన్న క్షణంలో తెరిచిన కార్డులు ఇవాళ తెరవలేకపోయాయి.

"వేడికి తప్పులు చేస్తున్నాయి," అందామె. కళ్ళద్దాలు తీసి సిద్దప్పను చూసింది. "కావాలనే చేశాడు."

పొడుగువాడు సిద్దప్పను వెనక నుంచి పట్టుకున్నాడు. పొట్టివాడు అతని ఎడమ చేతిని బల్ల మీద పరిచి, సుత్తితో వేళ్ళు ఒక్కొక్కటే కొట్టాడు. రెండో వేలి దగ్గర సిద్దప్ప అరిచాడు. నాలుగో దాని దగ్గర అరవడానికి గొంతు మిగల్లేదు. రేకుల అవతల యంత్రాల హోరులో ఆ కేకలు ఎవరికీ వినపడలేదు.

"మాదన్న ఇంతకన్నా తక్కువ అరిచాడు," అన్నాడు బ్రూనో.

ఆ మాటతో నొప్పి ఎక్కడికో పోయింది. దాని స్థానంలో కోపం వచ్చింది, చల్లటి కోపం.

అతని చేతులు వెనక్కి కట్టేసి, బిగించి కట్టిన పత్తి బేళ్ళ పక్కన పడేశారు. ఇందు క్లాకులన్నీ మామూలుకు తెచ్చింది, ఫ్యాన్లు పూర్తి వేగంతో తిప్పింది. దూది మళ్ళీ గాలిలోకి లేచింది. ఈసారి కార్డులు నిజం లెక్క కడుతున్నాయి. సిద్దప్ప వీపు వెనక బేలుకు చుట్టిన ఇనప పట్టీ అంచు తగిలింది. పదునుగా ఉంది. మణికట్ల తాడును దానికి రుద్దడం మొదలుపెట్టాడు. తాడుతో పాటు చర్మమూ లేస్తోంది.

మధ్యాహ్నం భోజనాల గంట మోగింది. యంత్రాలు ఆగాయి. కూలీలు సద్దిగిన్నెలతో గేటు బయటికి పోయారు. ఆ నిశ్శబ్దంలో కంప్యూటర్ కీచుమంది.

దొరికింది.

"తెరువు," అన్నాడు బ్రూనో. పొడుగువాడి వైపు తిరిగాడు. "కారు తియ్. ఊరు తెలిశాక ఇంటి కోసం వెతుకుతూ కూర్చోవద్దు. వీధి మొత్తం అంటించు. నర్సు ఎందులో ఉంటే అందులో కాలుతుంది."

ఇందు వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఒక్క నర్సును నోరు మూయించడం వరకే ఆమెకు చెప్పిన బేరం. వీధులు ఆ బేరంలో లేవు. తల తిప్పి, రక్తం కారుతున్న సిద్దప్పను చూసింది.

"ఇవాళ తారీఖెంత?" అంది.

జవాబు కోసం ఆగలేదు. పెన్‌డ్రైవ్ పీకి దూది కుప్పలోకి విసిరేసింది.

బ్రూనో పిస్తోలు తీశాడు.

"కాల్చొద్దురా!" అరిచాడు సిద్దప్ప. "గాలంతా దూది!"

ఇందు కూడా ఆ గాలి వంక చూసింది. పత్తి ఊళ్ళ మనిషి కాబట్టి ఆమెకు తెలుసు. పత్తి వ్యాపారి వేషం వేసుకున్నవాడికి తెలియలేదు. కాల్చాడు.

గుండు ఇందు గుండెలో దిగింది. పిస్తోలు నోటి దగ్గరి మెరుపు గాలిలోని నూగును పట్టుకుంది. మంట దూలాల వెంట, కేబుళ్ళ వెంట, ర్యాకుల మీదుగా రెప్పపాటులో పాకింది. కార్డులు టపటపా పేలాయి. పెన్‌డ్రైవ్ పడ్డ కుప్ప భగ్గుమంది.

తాడు తెగింది. బేళ్ళు లాగే ఇనప కొక్కెం గోడకు వేలాడుతోంది. సిద్దప్ప దాన్ని కుడిచేత్తో అందుకుని, తలుపు వైపు పరుగెత్తుతున్న పొడుగువాడి మెడలో దించి వెనక్కి లాగాడు. వాడు చప్పుడు లేకుండా కూలాడు. పొట్టివాడు సుత్తి ఎత్తాడు. కొక్కెం వాడి పొట్టలో దిగింది. సుత్తి పడింది, తర్వాత వాడూ పడ్డాడు.

బ్రూనో చొక్కా అంటుకుంది. అరుస్తూ నేల మీద దొర్లుతున్నాడు. వాణ్ణి అక్కడే వదిలేస్తే చాలు, మాదన్న లెక్క సరిపోతుంది. సిద్దప్పకు వదిలేయాలనే అనిపించింది. కానీ రూత్ కోర్టులో వేలు చూపించడానికి ఎదురుగా ఒకడుండాలి. కొక్కేన్ని వాడి కాలర్‌కు తగిలించి, బేలును లాగినట్టు వాకిట్లోకి లాగాడు. మళ్ళీ లోపలికి పోయి ఇందును కుడి భుజాన వేసుకొచ్చాడు. ఆమె అప్పటికే చనిపోయింది. కళ్ళద్దాలు చేతిలోనే ఉన్నాయి.

"శనివారం, పన్నెండో తారీఖు," అన్నాడామెతో.

గేటులోంచి చీఫ్ జీపు దూసుకొచ్చింది. "శభాష్! సరిగ్గా టైమ్‌కు సిగ్నల్ ఇచ్చావ్!"

తనెప్పుడు ఇచ్చాడో సిద్దప్పకు అర్థం కాలేదు. అడిగే ఓపికా లేదు.

సోమవారం ఆదోని కోర్టు మెట్ల మీద చీఫ్ గోళ్ళు కొరుక్కుంటున్నాడు. పెన్‌డ్రైవ్ బూడిదైంది. రూత్ ఎక్కడుందో ఇప్పుడు శత్రువులకే కాదు, తమకూ తెలీదు. లోపల బ్రూనో కట్లతో బోనులో నిలబడ్డాడు. గూఢచారి సాక్ష్యం చెప్పే వీల్లేదు కాబట్టి సిద్దప్ప చూసింది లెక్కలోకి రాదు. సాక్షి రాకపోతే కట్లు విప్పించుకుని ఇంటికి పోతాడు.

పిలుపుకు కాస్త ముందు, చేతిలో గుడ్డసంచితో ఒక సన్నటి మనిషి రోడ్డు దాటి వచ్చింది. పెద్దకడుబూరు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చిందట. కట్టు కట్టి ఉన్న సిద్దప్ప చెయ్యి చూసి, మాదన్న మనిషే అయ్యుంటాడని అతని దగ్గరే ఆగింది.

"మాదన్న యాడప్పా? సోమవారం బస్టాండ్ కాడ ఉంటానని సెప్పినాడు. శానా సేపు సూసినా. ఆయప్ప మాట తప్పడే."

సిద్దప్ప తల వంచుకున్నాడు. ఆమె అతని ముఖం చూసింది, సంచిని గుండెకు హత్తుకుంది. కళ్ళు తుడుచుకుంది.

"వాడు యాడుండాడు?" అంది. లోపలికి నడిచింది.

ఆమె వేలు వణకలేదని తర్వాత ప్లీడర్లు చెప్పుకున్నారు.

సిద్దప్ప మెట్ల మీదే కూర్చుండిపోయాడు. మంట సంగతి వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చిన ఉచ్చీరప్ప, అతన్ని చూసి దగ్గరికొచ్చి, నడుములోంచి అగ్గిపెట్టె తీసి చేతిలో పెట్టాడు.

"నీ సామాను ఈడుంది. మంట నీ వల్ల కాదని పోలీసోల్లకు సెప్పినా, నీ అగ్గిపెట్టె నా కాడే ఉండె కదా." ముసలాయన చీఫ్ వంక ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "కూలోల్లతో పాటు గేటు బయట బీడీ ముట్టిద్దామని పుల్లలన్నీ గీసినా. ఒగటీ అంటుకోలే. ఇట్లాంటి అగ్గిపెట్టెను నీకు అంటగట్టినోడు యాడున్నా పట్టుకోప్పా, వాడు పెద్ద దొంగ!"